నెట్‌ఫ్లిక్స్ లాంటి కంపెనీలు నెట్ న్యూట్రాలిటీ వైపు ఉన్నాయా, తమ వైపు ఉన్నాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలు నెట్ న్యూట్రాలిటీ కోసం పోరాడామని చెప్పుకుంటాయి. టెలికాం కంపెనీలేమో ట్రాఫిక్ అంతా వాళ్లది, ఖర్చు మాత్రం మాది అంటాయి. ఇందులో న్యాయం ఎవరిది? ఒకప్పుడు అంత గట్టిగా మాట్లాడిన నెట్‌ఫ్లిక్స్ ఇప్పుడెందుకు మాట్లాడటం లేదు? మా ఇంట్లో రాత్రిపూట వీడియో ఆగి ఆగి వస్తోంది, దానికీ ఇదే కారణమా?"

నేను పదిహేనేళ్లకు పైగా ఐఎస్‌పీల్లో, అంటే ఇళ్లకు నెట్ ఇచ్చే కంపెనీల్లో, పీరింగ్ పని చేశాను. మా నెట్‌వర్క్ బయటి నెట్‌వర్క్‌లతో ఎక్కడ కలవాలి, ఎంత సామర్థ్యంతో కలవాలి అని చూసే పని అది. మీరు అడిగిన గొడవలో సగానికి పైగా జరిగేది సరిగ్గా ఆ కలిసే చోటే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కంపెనీలు చిన్నగా ఉన్నప్పుడు నియమం కోసం గట్టిగా నిలబడ్డాయి, పెద్దయ్యాక నెమ్మదించాయి. దాన్ని నేను ద్రోహం అనను. కానీ నియమం కావాలా వద్దా అన్నది వాళ్ల గొంతు పెరగడాన్ని, తగ్గడాన్ని బట్టి తేల్చుకుంటే మాత్రం మనం మోసపోతాం. ఆ నియమం అవసరమైనది ఇంకా పెద్దవాళ్లు కానివాళ్లకి.

నెట్ న్యూట్రాలిటీ అనే మాటను న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ 2003లో ఒక వ్యాసంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు. అసలు విషయం సులభం. మీకు నెట్ ఇచ్చే కంపెనీ మీరు ఏ సైట్ చూస్తున్నారన్న దాన్నిబట్టి దాన్ని ఆపకూడదు, నెమ్మది చేయకూడదు, డబ్బు తీసుకుని ఒకరిని ముందుకు పంపకూడదు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అయితే ఈ మూడు నియమాలూ ఐఎస్‌పీ నెట్‌వర్క్ లోపలికి వచ్చేసిన ట్రాఫిక్ గురించి. లోపలికి రాకముందు, గుమ్మం దగ్గర ఏం జరుగుతుందన్నది వేరే కథ.

ఆ గుమ్మం ఎలా ఉంటుందో చెప్తాను. ఒక డేటా సెంటర్‌లో రెండు కంపెనీల రౌటర్లు ఉంటాయి, మధ్యలో ఒక ఫైబర్ తీగ. రెండు వైపులా చెరొక పోర్ట్. ఆ పోర్ట్ పది గిగాబిట్లదైతే సెకనుకు పది గిగాబిట్లే పడతాయి. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరి వీడియోలు పెట్టుకున్నప్పుడు పన్నెండు రావాల్సి వస్తే, మిగతా రెండూ రాలిపోతాయి. ఎవరూ ఎవరినీ "ఆపలేదు", ఎవరూ "నెమ్మది చేయలేదు". ఏ రౌటర్‌లోనూ ఏ కంపెనీ పేరు మీదా ఆంక్ష రాసి ఉండదు. పోర్ట్ నిండిపోయింది, అంతే. కానీ చూసేవాడికి మాత్రం బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉంటుంది.

నేను పనిచేసిన ఒక చోట, పేరు చెప్పను, ఇదే జరిగింది. మామూలుగా ట్రాఫిక్ గ్రాఫ్ సాయంత్రం కొండలా పైకి లేచి అర్ధరాత్రికి దిగుతుంది. ఒక లింక్ గ్రాఫ్ మాత్రం రోజూ ఏడింటికి పైకి వెళ్లి, పదకొండు దాకా బల్లపరుపుగా ఉండిపోయేది. నిండిపోయిన లింక్‌కి గుర్తు అది. సామర్థ్యం పెంచడానికి రౌటర్‌లో పెట్టాల్సిన కార్డు మా స్టోర్‌లోనే ఉంది. బిగించడం, తీగ కలపడం, పరీక్షించడం అంతా కలిపి ఒక రాత్రి పని. పై నుంచి వచ్చిన మాట: "అవతలి వాళ్లతో చర్చలు నడుస్తున్నాయి, అప్పటిదాకా ముట్టుకోవద్దు." నాలుగు నెలలు ముట్టుకోలేదు. ఆ నాలుగు నెలలూ ఫోన్ చేసిన కస్టమర్లకు మా కాల్ సెంటర్ పిల్లలు రౌటర్ ఆపి మళ్లీ వేయమని చెప్తూనే ఉన్నారు. వాళ్లకు అసలు సంగతి తెలియదు. తెలిసిన నేను నోరు మూసుకుని ఉన్నాను. ఇన్నేళ్లకీ ఆ సంగతి గుర్తొస్తే మనసుకి కష్టంగానే ఉంటుంది. ఈ జవాబు ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు అమెరికాలో జరిగింది చూస్తే మీకు వెంటనే అర్థమవుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2007లో స్ట్రీమింగ్ మొదలుపెట్టింది. 2010 చివర్లో తన వీడియోలు చేరవేసే పనిని లెవెల్ 3 అనే నెట్‌వర్క్ కంపెనీకి అప్పగిస్తే, అప్పట్లో దేశంలోనే అతి పెద్ద కేబుల్ ఐఎస్‌పీ అయిన కామ్‌కాస్ట్ ఆ లెవెల్ 3ని డబ్బు కట్టమంది. గుమ్మం దగ్గర తగువు బహిరంగమైంది అప్పుడే. 2013 చివరికొచ్చేసరికి నెట్‌ఫ్లిక్స్ ట్రాఫిక్ మోస్తున్న కోజెంట్ లాంటి కంపెనీలకీ, పెద్ద ఐఎస్‌పీలకీ మధ్య లింకులు సాయంత్రాలు నిండిపోవడం మామూలైపోయింది. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ దిగివచ్చింది. నేరుగా కలవడానికి కామ్‌కాస్ట్‌కి డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. ఆ వెంటనే ఆ ఐఎస్‌పీలో నెట్‌ఫ్లిక్స్ వేగం బాగా పెరిగింది. వీధులు తవ్వలేదు, ఇళ్లకు కొత్త తీగలు లాగలేదు. అదే ఏడాది మిగతా పెద్ద ఐఎస్‌పీలు వెరైజన్, ఏటీ అండ్ టీ, టైమ్ వార్నర్ కేబుల్‌తో కూడా అలాంటి ఒప్పందాలే అయ్యాయి.

ఇంకోవైపు, దానికి నెల ముందే, 2014 జనవరిలో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు వెరైజన్ వేసిన కేసులో, కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ ఎఫ్‌సీసీ 2010లో పెట్టిన నియమాల్లో ముఖ్యమైనవాటిని కొట్టేసింది. ఈ రెండూ కలిసి రావడంతో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ మార్చిలో ఒక వ్యాసం రాశాడు. లోపల వివక్ష వద్దని చెప్పే నియమం బలహీనమైనదనీ, గుమ్మం దగ్గర టోల్ వసూలు చేయడాన్ని కూడా ఆపేదే బలమైన నియమమనీ అతని వాదన. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు ఒక స్ట్రీమింగ్ కంపెనీ చేసిన మేలేదైనా ఉందంటే అదే. అంతవరకూ మా లాంటి నలుగురు ఇంజనీర్లకు మాత్రమే తెలిసిన విషయాన్ని జనం ముందు పెట్టాడు. ఆ సెప్టెంబర్ 10న చాలా సైట్లు కలిసి తిరుగుతున్న చక్రం బొమ్మ పెట్టి నిరసన తెలిపినప్పుడు నెట్‌ఫ్లిక్స్ కూడా అందులో ఉంది. సుమారు 40 లక్షల అభిప్రాయాలు ఎఫ్‌సీసీకి చేరాయి. 2015 ఫిబ్రవరి 26న టామ్ వీలర్ నేతృత్వంలోని కమిషన్ 3-2 ఓట్లతో బ్రాడ్‌బ్యాండ్‌ని ఫోన్ లైన్ లాంటి ప్రజాసేవగా వర్గీకరించి, గట్టి నియమాలు తెచ్చింది. గుమ్మం దగ్గర తగువులకు మాత్రం ముందుగా నియమం పెట్టకుండా, ఫిర్యాదు వస్తే ఒక్కో కేసుగా చూస్తామంది.

ఆ గెలుపులో స్ట్రీమింగ్ కంపెనీల వాటా ఉంది, కాదనలేం. అయితే అదే కాలంలో అవే కంపెనీలు ఏం చేశాయో కూడా చూడాలి.

2010 ఆగస్టులో గూగుల్, అంటే యూట్యూబ్ యజమాని, వెరైజన్‌తో కలిసి ఒక ప్రతిపాదన పెట్టింది. తీగ ద్వారా వచ్చే నెట్‌కి నియమాలు ఉండాలి, మొబైల్ నెట్‌ని చాలావరకు వదిలేయాలి అని. అంతకుముందు నెట్ న్యూట్రాలిటీకి అందరికంటే గట్టి మద్దతుదారు గూగులే. 2013 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ తన మేలైన సూపర్ హెచ్‌డీ వీడియోని, తన సొంత పంపిణీ వ్యవస్థలో చేరిన ఐఎస్‌పీల కస్టమర్లకే ఇస్తానంది. అంటే ఈసారి ఐఎస్‌పీని బట్టి వివక్ష చూపింది కంటెంట్ కంపెనీ. టైమ్ వార్నర్ కేబుల్ దీని మీద బాహాటంగానే అభ్యంతరం చెప్పింది. ఆ సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ అందరికీ తెరిచేసింది. 2015లో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టినప్పుడు, అక్కడి కొన్ని ఐఎస్‌పీల్లో నెట్‌ఫ్లిక్స్ చూస్తే డేటా లెక్కలోకి రాకుండా ఒప్పందాలు చేసుకుంది. అమెరికాలో ఏ పద్ధతిని తప్పు అందో, అక్కడ అదే చేసింది. కొన్ని వారాలకే వాటాదారులకు రాసిన లేఖలో అది చేయకుండా ఉండాల్సిందని ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు నేను గౌరవిస్తాను.

నన్ను అన్నిటికంటే నిరాశపరిచింది మాత్రం 2016 మార్చిలో బయటపడిన సంగతి. ఏటీ అండ్ టీ, వెరైజన్ మొబైల్ నెట్‌వర్క్‌ల మీద చూసేవాళ్లకు నెట్‌ఫ్లిక్స్ ఐదేళ్లకు పైగా తనంతట తానే వీడియోని 600 కేబీపీఎస్‌కి (సెకనుకు 600 కిలోబిట్లకి) తగ్గించి ఇస్తోంది, వాళ్లకు చెప్పకుండా. కస్టమర్ల డేటా పరిమితి త్వరగా అయిపోయి బిల్లు పెరగకుండా ఉండాలనే అలా చేశామంది. టీ-మొబైల్, స్ప్రింట్ వాళ్లకు తగ్గించలేదు, ఎందుకంటే ఆ కంపెనీలు పరిమితి దాటితే అదనపు బిల్లు వేయకుండా వేగం తగ్గించేవి. ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. చట్టం కూడా తప్పలేదు, ఎందుకంటే ఎఫ్‌సీసీ నియమాలు నెట్ ఇచ్చే కంపెనీలకే, కంటెంట్ ఇచ్చేవాళ్లకు కాదు. కానీ సరిగ్గా ఆ ఏళ్లలోనే "మా వీడియో నెమ్మదించడానికి ఐఎస్‌పీలే కారణం" అని ప్రచారం చేసిన కంపెనీ, తాను చేస్తున్న పని చూసేవాళ్లకు చెప్పి ఉండాల్సింది. సెట్టింగ్స్‌లో ఒక్క బటన్ పెడితే సరిపోయేది. బయటపడ్డాక అదే పెట్టారు.

ఇక మీ రెండో ప్రశ్న, ఇప్పుడెందుకు మాట్లాడటం లేదని. దీనికి జవాబు వాళ్లే ఇచ్చారు. 2017 జనవరిలో వాటాదారులకు రాసిన లేఖలో, నియమాలు బలహీనపడినా తమ లాభాల మీదా నాణ్యత మీదా పెద్ద ప్రభావం ఉండదనీ, ఐఎస్‌పీలతో సంబంధాలు నిలుపుకోగలిగేంత ఆదరణ తమకు వచ్చేసిందనీ నెట్‌ఫ్లిక్స్ రాసింది. ఆ మే నెలలో హేస్టింగ్స్ ఒక సమావేశంలో, ఇది ఇక తమ ప్రధాన పోరాటం కాదని అన్నాడు. విమర్శలు వచ్చాక జూలై 12 నిరసన దినంలో కంపెనీ మళ్లీ పాల్గొంది. డిసెంబర్ 14న అజిత్ పాయ్ నాయకత్వంలో ఎఫ్‌సీసీ 2015 నియమాలను ఎత్తేసింది.

ఆ లేఖలోని మాటను జాగ్రత్తగా చదవండి. నియమం లేకపోతే పెద్ద కంపెనీకి నష్టం లేదు. ఎందుకంటే నెట్‌ఫ్లిక్స్ రాని కనెక్షన్‌ని ఎవరూ కొనరు, కాబట్టి ఐఎస్‌పీ కూడా బేరానికి దిగాల్సిందే. కానీ రేపు ఎవరో పదిమంది కలిసి ఒక కొత్త వీడియో సేవ పెడితే వాళ్లకు ఆ బలం ఉండదు. గుమ్మం దగ్గర టోల్ ఉంటే, కట్టగలిగిన పెద్దవాడికి అది ఖర్చు, కట్టలేని చిన్నవాడికి అది గోడ. పెద్ద కంపెనీకి ఒక రకంగా ఆ గోడ మేలే చేస్తుంది. వాళ్లు కావాలని అలా కోరుకుంటున్నారని నేను అనడం లేదు. లెక్క అలా ఉంది, అంతే.

సొంత సర్వర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది దీన్ని "ఫాస్ట్ లేన్" అనుకుంటారు. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచి ఓపెన్ కనెక్ట్ పేరుతో తన వీడియోలు నింపిన సర్వర్లను ఐఎస్‌పీలకు ఉచితంగా ఇస్తోంది. ఐఎస్‌పీ ర్యాక్‌లో చోటు, కరెంటు ఇస్తుంది. జనం పెద్దగా వాడని వేళల్లో కొత్త సినిమాలు ఆ పెట్టెలోకి చేరతాయి, సాయంత్రం ఊరందరికీ ఆ పెట్టె నుంచే వెళ్తాయి. దూరపు లింక్ మీద ఒకే సినిమా వేలసార్లు రావడం తప్పుతుంది. అలాంటి పెట్టెలు నా చేతులతో చాలా బిగించాను. ఐఎస్‌పీకి నిజంగా డబ్బు మిగులుతుంది. ఇది ఎవరినీ వెనక్కి నెట్టదు, వరుసలో ముందుకు దూరదు. కాబట్టి నెట్ న్యూట్రాలిటీకి విరుద్ధం కాదు. కాకపోతే వంద దేశాల్లో వేల పెట్టెలు పెట్టగలిగేది ఎవరు? ఇక్కడ కూడా పెద్దవాడిదే పైచేయి. చిన్నవాళ్లు క్లౌడ్‌ఫ్లేర్, అకమాయ్ లాంటి వాళ్ల దగ్గర అద్దెకు తీసుకుని నెట్టుకొస్తారు.

టెలికాం వాళ్ల వాదనకి వస్తాను. "ట్రాఫిక్ పంపుతున్నది వాళ్లు, రోడ్డు వేస్తున్నది మేము." వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నెట్‌ఫ్లిక్స్ ఎవరికీ తనంతట తాను వీడియో పంపదు. మీరు బటన్ నొక్కితేనే ఆ డేటా బయలుదేరుతుంది. దాన్ని తెచ్చిపెట్టడానికే మీరు నెలనెలా ఐఎస్‌పీకి డబ్బు కడుతున్నారు. అవతలి వైపు తన సర్వర్లకీ, తన తీగలకీ స్ట్రీమింగ్ కంపెనీ ఖర్చు పెడుతూనే ఉంది. ఎవరి వైపు ఖర్చు వాళ్లు భరిస్తున్నప్పుడు, ఒక వైపు వాడు రెండు చోట్లా వసూలు చేస్తానంటే దాన్ని న్యాయమైన వాటా అనలేను. యూరప్‌లో టెలికాం కంపెనీలు ఈ డిమాండ్ పెట్టినప్పుడు, అక్కడి నియంత్రణ సంస్థల మండలి బెరెక్ 2022 అక్టోబర్‌లో ఇచ్చిన ప్రాథమిక అంచనాలో దీనికి తగిన ఆధారం కనబడలేదని చెప్పింది. నాకూ అనుభవంలో కనబడలేదు.

అలాగని వాళ్ల మాటలో అస్సలు పస లేదని కొట్టిపారేయలేను. ఇంటికి వచ్చే ఫైబర్ వేరు, మొబైల్ టవర్ వేరు. టవర్ దగ్గర గాలిలో ఉండే సామర్థ్యం అందరూ పంచుకోవాలి, పెంచాలంటే స్పెక్ట్రమ్ కొనాలి, అది చాలా ఖరీదు. అరచేతిలో ఉన్న తెరకి పెద్ద టీవీకి సరిపోయే వీడియో పంపడం వృథా. ఈ విషయంలో స్ట్రీమింగ్ కంపెనీల చేతిలో చాలా ఉంది. 2020 మార్చిలో కరోనా వల్ల అందరూ ఇళ్లలో ఉన్నప్పుడు, యూరోపియన్ కమిషన్ సభ్యుడు థియరీ బ్రెటన్ అడిగితే నెట్‌ఫ్లిక్స్ యూరప్‌లో బిట్‌రేట్లు, అంటే వీడియో సెకనుకు వాడే డేటా, తగ్గించి తన ట్రాఫిక్‌ని సుమారు 25 శాతం తగ్గించింది. యూట్యూబ్ కూడా సాధారణ నాణ్యతని డిఫాల్ట్ చేసింది. డబ్బు చేతులు మారలేదు, ఎవరి వీడియోనీ ఎవరూ ఆపలేదు. మంచి కోడెక్‌లు (వీడియోని కుదించే పద్ధతులు) వాడటం, నాణ్యతని చూసేవాడి చేతికి ఇవ్వడం, పెద్ద విడుదల ఉంటే ఐఎస్‌పీలకు ముందుగా చెప్పడం: టోల్ కట్టమనే బదులు టెలికాం కంపెనీలు వీటిని గట్టిగా అడిగితే నేను వాళ్ల పక్కనే నిలబడతాను.

టోల్ పెడితే ఏమవుతుందో చూడాలంటే దక్షిణ కొరియా ఉంది. అక్కడ 2016 నుంచి ఐఎస్‌పీల మధ్య, ట్రాఫిక్ పంపినవాడే డబ్బు కట్టాలనే పద్ధతి అమల్లో ఉంది. ఫలితంగా ఒక ఐఎస్‌పీ తన దగ్గర ఫేస్‌బుక్ సర్వర్ పెట్టుకుంటే, దాన్నుంచి పక్క ఐఎస్‌పీలకు వెళ్లిన ట్రాఫిక్‌కి తానే కట్టాల్సి వచ్చింది. అంటే మంచి పని చేసినవాడికే జరిమానా. ఆ ఖర్చు గొడవలో ఫేస్‌బుక్ దారి మార్చేసరికి అవతలి ఐఎస్‌పీల కస్టమర్లకు నెట్ నెమ్మదించింది. నెట్‌ఫ్లిక్స్, ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్‌ల కేసు 2020లో మొదలై, 2021 జూన్‌లో కింది కోర్టులో నెట్‌ఫ్లిక్స్‌కి వ్యతిరేకంగా తీర్పు వచ్చి, చివరికి 2023 సెప్టెంబర్‌లో రాజీతో ముగిసింది. పెద్దవాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకున్నారు. ఆటల లైవ్ స్ట్రీమింగ్ సేవ ట్విచ్ మాత్రం తేల్చుకోలేకపోయింది. అమెజాన్ కంపెనీయే అయినా, చాలా దేశాలతో పోలిస్తే నెట్‌వర్క్ రుసుములు పది రెట్లున్నాయంటూ, ముందు వీడియోని 720పీకి తగ్గించి, చివరికి 2024 ఫిబ్రవరిలో అక్కడ మూత వేసింది. ట్విచ్‌నే నిలబడనివ్వని చోట కొత్తగా మొదలుపెట్టేవాడి సంగతి మీరే ఊహించండి.

ఇంకో పక్క, ఐఎస్‌పీలు తామే స్ట్రీమింగ్ కంపెనీలు అయిపోయాయి. కామ్‌కాస్ట్ 2011లో ఎన్‌బీసీ యూనివర్సల్‌ని చేతిలోకి తీసుకుంది. ఏటీ అండ్ టీ 2018లో టైమ్ వార్నర్ అనే మీడియా కంపెనీని (పైన చెప్పిన కేబుల్ కంపెనీ వేరు) కొని, 2020లో వచ్చిన తన స్ట్రీమింగ్ సేవ హెచ్‌బీవో మ్యాక్స్‌ని తన మొబైల్ కస్టమర్లకు డేటా లెక్కలోకి రాకుండా చేసింది. పోటీ సేవలకు ఆ సౌకర్యం లేదు. కాలిఫోర్నియా 2018లో చేసిన రాష్ట్ర చట్టం అమల్లోకి వచ్చాక, 2021లో ఆ ఏర్పాటుని దేశమంతటా ఆపేయాల్సి వచ్చింది. ఒక్క రాష్ట్రం రాసిన చట్టం దేశమంతా పనిచేసింది. భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలోనే కంటెంట్‌ని బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధించింది. యూరప్‌లో ఈయూ న్యాయస్థానం 2021లో జర్మన్ కంపెనీల జీరో రేటింగ్ ప్లాన్లను (కొన్ని సేవల డేటాని లెక్కలోకి తీసుకోనివి) తప్పు పట్టింది. అమెరికాలో కేంద్ర స్థాయిలో మాత్రం 2024 ఏప్రిల్‌లో తిరిగి తెచ్చిన నియమాలను 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది. కోర్టు తీర్పు వచ్చిన రోజు పెద్ద స్ట్రీమింగ్ కంపెనీల్లో 2014 నాటి ఆవేశం నాకు కనిపించలేదు. మీరు గమనించిన మౌనం అదే.

చివరిగా మీ ఇంటి సంగతి. రాత్రి వీడియో ఆగుతోందంటే కారణం గుమ్మం దగ్గరే ఉందని చెప్పేయలేం. ముందు ఇంట్లో వైఫై తీసేసి, ల్యాప్‌టాప్‌ని తీగతో నేరుగా రౌటర్‌కి కలిపి చూడండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే వీడియో ఆగుతున్న సమయంలోనే రెండు వేగ పరీక్షలు చేయండి. ఒకటి మీ ఐఎస్‌పీ చెప్పే మామూలు స్పీడ్ టెస్ట్. అది చాలావరకు ఐఎస్‌పీ లోపలో, దాని పక్కనో ఉన్న సర్వర్‌తో కొలుస్తుంది, గుమ్మం దాటదు. రెండోది నెట్‌ఫ్లిక్స్ 2016లో పెట్టిన ఫాస్ట్ డాట్ కామ్. అది నెట్‌ఫ్లిక్స్ వీడియోలు వచ్చే సర్వర్ల నుంచే కొలుస్తుంది. రెండూ తక్కువ వస్తే ఇబ్బంది మీ లైన్‌లోనో, మీ వీధి పంపిణీలోనో ఉంది. మొదటిది బాగా వచ్చి రెండోది సాయంత్రాలు మాత్రమే పడిపోయి, తెల్లవారుజామున మామూలుగా ఉంటే, అనుమానించాల్సింది మధ్యలోని లింక్‌ని. ఆగేది నెట్‌ఫ్లిక్స్ కాక ఇంకో సేవ అయితే, అదే సమయంలో వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ని వేరే సర్వర్ మీదుగా పంపే సేవ) పెట్టి చూడండి. వీపీఎన్‌తో బాగుపడితే దారి మారడం వల్ల బాగుపడిందన్నమాట.

వారం రోజులు సమయాలతో సహా రాసిపెట్టుకుని, స్క్రీన్‌షాట్లతో ఐఎస్‌పీకి ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో చెప్తే రౌటర్ ఆపి వేయమనే చెప్తారు. ఈమెయిల్‌లో "ఈ సేవ వైపు మీ లింక్ సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య ఎంత శాతం నిండుతోంది, ఎప్పుడు పెంచుతారు" అని సూటిగా అడగండి. ఆ ప్రశ్న కాల్ సెంటర్ దాటి నాలాంటి పని చేసేవాడి బల్ల మీదికి చేరుతుంది. వచ్చిన కొలతలు ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.